మచ్చలేని నెత్తురు

కంకిపాడు మల్లికార్జునరావు జంతుశాస్త్రం లెక్చరర్‌గా రిటైరయ్యాక ఆయనకు మిగిలిన సబ్జెక్టు వంశం ఒక్కటే. దాని గురించి మొదలుపెడితే బందరు కాలవలో నీళ్లు కూడా విసుగెత్తి సముద్రం వైపు పరుగు పెంచేవి. ముత్తాత తుమ్మితే అవనిగడ్డ దగ్గర పడవలు ఒడ్డెక్కాయట. తాత చేతి మీద వాలిన దోమ ఆ నెత్తురు రుచి చూసి, ఇంత స్వచ్ఛమైనది తనకు తగదని దండం పెట్టి ఎగిరిపోయిందట. ఇవన్నీ నమ్మిన మనిషి ఊరు మొత్తానికి ఒక్కరే ఉన్నారు, ఆయనే. కాలేజీలో ఉద్యోగమున్నంత కాలం బఠానీ మొక్కల్లో గుణాలు తరం నుంచి తరానికి ఎలా దిగుతాయో బోర్డు మీద గీసి చూపించాడు. బఠానీలకు పట్టిన నియమం తన ఇంటికీ పడుతుందని మాత్రం ఆ బుర్రకు ఎన్నడూ తట్టలేదు.

కూతురు శాంభవికి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. విజయవాడ ఆసుపత్రిలో ఉంది. ఆమె తమ్ముడు ఉదయభాస్కర్ ఎముకల్లోని మూలుగ ఆమెకు సరిపోయిందని, వారంలో ఎక్కిస్తామని డాక్టర్లు చెప్పారు. ఆ లోపల డయానా అనే అమ్మాయి కంకిపాడు వచ్చింది. క్యాన్సర్‌కు జన్యువుల్లో కారణాలు వెతికే పరిశోధనశాలలో ఆమె పని.

"మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందాండీ? చిగుళ్లలోంచి నెత్తురు కారటం, దెబ్బ తగలకుండానే ఒళ్లు కమిలిపోవటం?"

"ఎందుకటా?"

"ఇంట్లో వరసగా ఉంటే తమ్ముడుగారిలో కూడా ఆ లోపం ఉండొచ్చండి. ఇవాళ ఆయన బాగానే ఉంటారు. ఆయన మూలుగ అక్కగారికి ఎక్కిస్తే రేపు అదే మళ్లీ జబ్బుపడుతుంది. ఇంకెవరికీ లేదని మీరంటే ఇక వెతకక్కర్లేదు, ఆ మాట చాలు."

హనుమాన్ జంక్షన్ వాళ్లతో ఉదయభాస్కర్ పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఈ మాట వాళ్ల చెవిన పడితే కారు వెనక్కి తిప్పుకునే ఓపిక కూడా లేకుండా రివర్సులోనే పారిపోతారని మల్లికార్జునరావు భయం. కూతురు బతకాలనే ఆయనకూ ఉంది. కాకపోతే పరువు దెబ్బతినకుండా బతకాలి.

"మా వంశంలో ఎవరికీ లేదు. ఇంతకీ నువ్వు ఎవరి అమ్మాయివి?"

"ఆటోనగర్ అంతోనిగారి అమ్మాయినండి. గేరుబాక్సులు బాగుచేస్తారు."

"అదీ సంగతి. గేరుబాక్సులు విప్పినట్టు మనుషుల్ని విప్పుతున్నారు."

"గేరుబాక్సయితే అబద్ధం చెప్పదు కదండీ."

వంటింటి గడప దగ్గర భార్య రమాసుందరి నిలబడి వింటోంది.

"మీ నాన్న ఎలా పోయాడు మావయ్యా?" అంది. పెళ్లికి ముందు నుంచీ ఉన్న ఆ పిలుపును ఆవిడ మార్చుకోలేదు.

"వడదెబ్బ."

"పుష్యమాసంలోనా?"

మల్లికార్జునరావు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"మరి మీ తమ్ముడు?"

"కామెర్లని చెప్పాం కదా."

"చెప్పారు. తువ్వాళ్లు ఉతికింది నేను. అన్నీ ఎర్రగానే ఉన్నాయి."

డయానా కాగితం మీద తండ్రి వైపు ఒక గీత, తల్లి వైపు ఒక గీత గీస్తోంది. తన వైపు గీత పొడవవుతుంటే మల్లికార్జునరావు ప్రాణం విలవిల్లాడింది. చప్పున దారి దొరికింది.

"అమ్మాయ్, ఆవిడ పుట్టింటి వైపు రాసుకో. మా అత్తగారు కూడా నెత్తురు కక్కుకునే పోయింది. మచ్చంతా అటుది. మాది శుభ్రం."

రమాసుందరి ఆయన వంక జాలి కూడా దండగ అన్నట్టు చూసింది.

"మా అమ్మ మీ సొంత అక్క మావయ్యా."

డయానా గీసిన రెండు గీతలూ పైకి వెళ్లి ఒకే ఇంట్లో కలిశాయి. అక్క కూతుర్ని చేసుకుని, అక్కను పరాయి వంశంలో పారేసిన ఆ జంతుశాస్త్రం మేధావి కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూశాడు. గీతలు విడిపోలేదు.

"అందరి గోళ్లూ కావాలండి" అంది డయానా. "నెత్తురులో లోపం మధ్యలో వచ్చిందో, పుట్టుకతో వచ్చిందో గోరులో చూస్తే తెలుస్తుంది."

"ఇవాళ శుక్రవారం. గోళ్లు తీయం."

"మీ జంతుశాస్త్రంలో ఉందాండీ అది?"

రమాసుందరి గోళ్ల కత్తెర తెచ్చి ముందు తన గోళ్లు కత్తిరించుకుంది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుంది. "కదలకండి. పిల్ల మంచం మీద ఉంది" అని వేలు వేలునా కత్తిరించి డయానా సంచీలో వేసింది. క్షవరానికి పట్టుబడ్డ చంటివాడిలా ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

డాక్టర్లు మూలుగ ఎక్కించటం ఆపారు. ఫలితాలు వచ్చాయి. శాంభవి గోరులో ఉన్న లోపమే ఉదయభాస్కర్ గోరులోనూ ఉంది, తండ్రి గోరులోనూ ఉంది. ఆయన ఒంట్లో అది ఇన్నేళ్లూ ఏ పనీ చెయ్యకుండా కూర్చుంది, బహుశా ఆయన్ని చూసి నేర్చుకుని. రమాసుందరి గోరులో లేదు. వాళ్లమ్మ నుంచి అది ఆవిడకు దిగలేదు. మేనరికం వల్ల తల్లీకూతుళ్ల పోలిక డాక్టర్లు అనుకున్నదానికన్నా బాగా కుదిరింది. తమ్ముణ్ణి పక్కనపెట్టి తల్లి మూలుగ ఎక్కించారు.

అది కూతురి ఒంట్లో పట్టుకుందని డాక్టర్లు చెప్పిన రోజున డయానా ఆసుపత్రికి వచ్చింది. వరండాలో బెంచీ మీద నుంచి మల్లికార్జునరావు లేచి నిలబడ్డాడు. ఈమధ్య ఆమెను మీరు అంటున్నాడు.

"మా ఇంట్లో ఉన్న ఈ లోపం అందరికీ ఉండేదేనాండీ?"

"కాదండీ. చాలా అరుదు."

ఆయన నడుం నిటారైంది. "అనుకున్నాను. మామూలు జబ్బు మా ఇంటికి రాదు. మీరు పరిశోధన పత్రం రాసేటప్పుడు మా ఇంటిపేరు వేస్తారా?"

"పేర్లు వెయ్యమండి. కుటుంబాలకు నంబర్లిస్తాం."

"అయితే ఒకటో నంబరు మాకివ్వండి. తాతగారి నుంచి వివరంగా నేను చెబుతాను. వడదెబ్బ గిడదెబ్బ అని ఎవరైనా అంటే నమ్మకండి."

రమాసుందరి గది తలుపు సందులోంచి ఫ్లాస్కు అందించింది.

"పిల్ల లేచి కూర్చుంది. గంజి అడుగుతోంది. కాచిన నీళ్లు పట్టుకురండి. దారిలో ఎవరితోనూ మాట్లాడకండి."

ఆయన కదిలాడు. లిఫ్టు దగ్గర వాచ్‌మన్ మర్యాదకు "ఎవరి తాలూకండీ?" అని అడిగాడు. పాపం, అతనికి ఆ పూట భోజనం బాగా ఆలస్యమైంది.