దోర్నాల హోటల్‌కు నేను పెట్టించిన ఫ్రిజ్

కరోనా రెండో విడత ఆంక్షలు ఎత్తేసిన ఏడాది, కార్తీకమాసానికి కొంచెం ముందు, నన్ను ఆహార భద్రతా అధికారిగా మార్కాపురానికి బదిలీ చేశారు. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. గిద్దలూరు, రాచర్ల, పొదిలి, పెద్దదోర్నాల అన్నీ నా పరిధిలోవే. హోటళ్లు, కిరాణా దుకాణాలు, నూనె మిల్లులు తనిఖీ చేయడం మా పని. అనుమానం వస్తే నమూనా తీసి, నాలుగు భాగాలు చేసి, సీలు వేసి, అందులో ఒకటి ప్రయోగశాలకు పంపుతాం. లోపం చిన్నదైతే దిద్దుకోమని గడువు పెట్టి నోటీసు ఇస్తాం. గడువులోగా దిద్దుకోకపోతే రిజిస్ట్రేషన్ నిలిపేస్తాం. రిజిస్ట్రేషన్ ఆగిందంటే చిన్న హోటల్ మూతపడ్డట్టే.

ఆ ఏడాది పైనుంచి కొత్త కార్యక్రమం దిగింది. మహమ్మారి తర్వాత జనానికి బయటి తిండి మీద నమ్మకం పోయిందనీ, అది తిరిగి రావాలంటే ప్రతి హోటల్‌కూ పరిశుభ్రత మార్కులు వేయాలనీ అన్నారు. మా చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. అందులో ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు, ఈ మూడే జవాబులు. చివర్లో యంత్రమే కూడుకుని పాసో ఫెయిలో తేల్చేస్తుంది. పాసైన హోటల్ గోడకు బోర్డు తగిలించాలి. శ్రీశైలం యాత్రికుల బస్సులు బోర్డు ఉన్నచోటే ఆపాలని డ్రైవర్లకు చెప్పారు. వినడానికి బాగానే ఉంది. నేనూ బాగానే ఉందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే మండుతుంది.

దోర్నాల కూడలిలో వెంకటరత్నమ్మ గారి భోజన హోటల్ ఉంది. నాలుగు బల్లలు, రేకుల వసారా, వెనక కట్టెల పొయ్యి. ఆమెకు యాభై దాటాయి. అత్తగారి దగ్గర్నుంచి వచ్చిన హోటల్ అది. అక్కడ వంటకు ఒక పద్ధతి ఉండేది. కొండ మీద, శిఖరం చెక్‌పోస్టు దగ్గర టీ బంకు నడిపే ఖాసిం అనే ఆయన ఆమెకు ఫోన్ చేసేవాడు. "అక్కా, రెండు బస్సులు దిగినయి, ఒక టెంపో" అని అంతే, పెట్టేసేవాడు. ఆ బండ్లు ఘాట్ దిగి దోర్నాల చేరడానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరలో ఆమె ఎసరు పెట్టి, పప్పు వండి, తాలింపు వేసేది. బస్సు ఆగేసరికి అన్నం పొగలు కక్కుతుండేది. ఆ బస్సు వెళ్లేసరికి గిన్నె అడుగు కనబడేది. మళ్లీ ఫోన్ వస్తే మళ్లీ ఎసరు. లాక్‌డౌన్‌లో ఆ ఫోన్ నెలల తరబడి మోగలేదు. బండ్లు మళ్లీ తిరగడం మొదలైన రోజు ఖాసిం "అక్కా, ఒక బస్సు" అన్నాడట. ఆ ఒక్క బస్సు కోసం పొయ్యి వెలిగించానని ఆమె నాతో చెప్పింది. అదే కూడలిలో మరో రెండు భోజన హోటళ్లకు అప్పుడు వేసిన తాళాలు మళ్లీ తీయలేదు.

మొదటి తనిఖీలో నాకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. నీళ్లు శుభ్రం, గిన్నెలు శుభ్రం, వడ్డించే చేతులు శుభ్రం. ట్యాబ్‌లో మార్కులు వేసుకుంటూ పోయాను. శీతల నిల్వ దగ్గర ఆగాను. ఫ్రిజ్ ఉందా, లేదు. వండిన ఆహారం ఏ ఉష్ణోగ్రతలో నిల్వ చేస్తారు, చేయరు. మిగిలిన కూరలు ఎన్ని గంటలు ఉంచుతారు, అసలు మిగలవు. 'వర్తించదు' అని రాయడానికి చోటు కోసం చూశాను. లేదు. ఖాళీగా వదిలేస్తే ఫారం ముందుకు కదలదు. మూడు ప్రశ్నలకూ సున్నాలు కొట్టాను. యంత్రం ఫెయిల్ అంది. నోటీసు చేతిలో పెట్టి, పద్నాలుగు రోజుల్లో దిద్దుకోమన్నాను. మిగలని కూరకు నిల్వ చూపించమన్నానన్న మాట.

ఆమె వాదించలేదు. రిజిస్ట్రేషన్ ఉంటుందా సార్ అని ఒక్క మాట అడిగింది. ఫ్రిజ్ పెడితే ఉంటుందన్నాను.

గడువు తీరేలోగా మార్కాపురం నుంచి ట్రాలీ ఆటోలో ఫ్రిజ్ వచ్చింది. రెండోసారి వెళ్లి, ఫోటో తీసి, ట్యాబ్‌లో ఎక్కించాను. సున్నాలు రెండ్లయ్యాయి. బోర్డు వచ్చింది. ఆ వారం మా పై అధికారికి పంపిన నివేదికలో, దోర్నాలలో మెరుగుదల కనిపించిందని రాసుకున్నాను.

కార్తీకమాసం చివర్లో పనుండి దోర్నాల వెళ్లి మధ్యాహ్నం ఆమె హోటల్లోనే కూర్చున్నాను. ముద్ద నోట్లో పెట్టగానే తెలిసింది, పప్పు నిన్నటిది. అంతకుముందు రోజు గాలివానకు కరెంటు సగం పూట లేదు. పక్క బల్ల దగ్గర, పొదిలి నుంచి ఏటా యాత్రికులను తెచ్చే బస్సు డ్రైవరు విస్తరి ముందు నుంచి లేచాడు. "అక్కా, ఇది నీ పప్పు కాదు. నేను చెప్పి తీసుకొచ్చిన జనం వీళ్లు, నా మాట పాయె" అన్నాడు. గొంతు పెంచకుండానే అన్నాడు. సగం తిన్న విస్తళ్లు వదిలేసి యాత్రికులు ఒక్కొక్కరే బస్సెక్కారు.

ఖాసిం ఫోన్ రాలేదా అని అడిగాను. వస్తోంది సార్ అంది. మరి నిన్నటి పప్పు ఎందుకు పెట్టారన్నాను. ఆమె జవాబు నాకు ఇప్పటికీ మాటమాటా గుర్తుంది.

"మీరే గద సార్ ఫ్రిజ్ పెట్టమన్యారు. పెట్టినాక ఊరికే ఎట్ల ఉంచాల? మిగిలిన కూర ఎన్ని గంటలు పెడ్తావని మీ ఫారంలో అడిగినారు. అంటే పెట్టాల్నేమో అనుకున్నా. మిగిలిచ్చకపోతే తప్పేమోనని పొద్దున్నే ఎక్కువ చేసి లోపల పెడ్తున్నా."

ఇందులో ఆమె తప్పేముంది? ప్రభుత్వం చేతిలో పట్టుకొచ్చిన కాగితం అడిగిందంటే అలా చేయమనే అర్థమని ఆమె అనుకుంది. తరతరాలుగా మనం జనానికి నేర్పింది అదే. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు వేసిన చేయి నాదే.

నిబంధన ప్రకారం నేను అప్పుడే నమూనా తీయాలి. తీస్తే ఫెయిలవుతుంది, ఆమె మీద కేసు నడుస్తుంది. ఫ్రిజ్ లేనప్పుడు ఫెయిల్, ఫ్రిజ్ ఉన్నందుకు కేసు. నేను నమూనా సీసాలు సంచిలోంచి తీయలేదు. నా కళ్ల ముందే ఆ పప్పు పారబోయించాను. నా సర్వీసులో కాగితం మీద లేకుండా ఇచ్చిన ఒకే ఒక్క ఆదేశం కూడా అక్కడే ఇచ్చాను: ఫ్రిజ్ ఉండనీండి, అందులో తిండి మాత్రం పెట్టకండి, ఖాసిం ఫోన్ చేస్తేనే ఎసరు పెట్టండి.

తర్వాత మా పై అధికారికి రెండు పేజీల లేఖ రాశాను. పూటకు పూట వండే హోటళ్లకు 'వర్తించదు' అనే జవాబు చేర్చాలని, లేకపోతే మనమే చద్ది కూరలు అలవాటు చేసినవాళ్లమవుతామని. ఆయన పిలిపించి, ఫారం పైనుంచి వచ్చిందనీ, మార్చడం మన చేతుల్లో లేదనీ, ఇంతకూ ఆ హోటల్ పాసైంది కదా, ఇంకా మీ బాధేమిటనీ అన్నారు. నా లేఖకు ఆఫీసు రిజిస్టర్లో నంబరు కూడా పడలేదు.

మహమ్మారి తర్వాత ఊరి హోటళ్ల భవిష్యత్తు గురించి టీవీల్లో పెద్దపెద్ద చర్చలు విన్నాను. ఫోన్లో ఆర్డర్లట, ప్యాకింగట, మార్కులట. ఆ మాట్లాడేవాళ్లలో ఒక్కరైనా ఘాట్ దిగే బస్సు కోసం ఎసరు పెట్టిన మనిషిని చూశారా అని నాకు అనుమానం. ఏడాది పైగా రోగానికి తట్టుకుని నిలబడ్డ హోటల్‌ను, పాచి కూర ఎలా దాచాలో మాత్రమే తెలిసిన ఫారంతో కొలిచాం. బైపాస్ మీద కొత్తగా లేచిన ఒక పెద్ద హోటల్లో ఫ్రిజ్ తలుపు తీస్తే మూడు రోజుల గ్రేవీ డబ్బాలు వరసగా ఉండేవి. డబ్బాల మీద తేదీలు ఉన్నాయి కాబట్టి రెండుకు రెండు మార్కులు. నేనే వేశాను, వేయక తప్పలేదు.

రిటైరైన తర్వాత ఒకసారి శ్రీశైలం వెళ్లి వస్తూ వెంకటరత్నమ్మ గారి హోటల్లో దిగాను. అన్నం వేడిగా ఉంది, పప్పు ఆ పూటదే. ఫ్రిజ్ ఉన్నచోటే ఉంది. వైరు చుట్టి పైన పెట్టేశారు. దాని నెత్తినే బోర్డు. తలుపు తీసి చూస్తే లోపల విస్తరాకుల కట్టలు. ఎలుకలు కొరక్కుండా బాగుందంది. తనిఖీకి ఎవరూ రాలేదా అని అడిగాను. "కొత్త సార్ వచ్చినాడు. నిలబడి ఫోటో తీసుకున్యాడు, రెండు మార్కులు ఏసుకుని పోయినాడు. తలుపు గూడ తీయల్యా" అంది.

నేను నేర్చుకున్నది ఇది. ఒకచోట ఒక వస్తువు లేదని రాసే ముందు, అది ఎందుకు లేదో తనిఖీ అధికారి అడగాలి. ఆ ప్రశ్న ఫారంలో లేకపోయినా అడగాలి, జీతం ఇచ్చేది అందుకే. నేను అడగలేదు. పొదిలి బస్సు ఇప్పటికీ ఆ హోటల్ దాటుకుని బైపాస్ మీది పెద్ద హోటల్‌కే పోతోంది.