కాయితంలో చుట్టిన జడ

మొన్న నడింట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. తెలియని నంబర్లు నేను ఎత్తను. ఎత్తితే ఒకడు లోను ఇస్తానంటాడు, ఇంకొకడు నా బ్యాంకు కార్డు ఆగిపోయిందంటాడు. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి సూదులు వేసిన నర్సును నేను. గోలీ మింగామని నోరు తెరిచి చూపించి, నేను గడప దాటగానే పెరట్లో ఉమ్మినవాళ్లు ఎందరో నాకు తెలుసు. మనిషి మాట మీద నాకు అంత తొందరగా నమ్మకం కుదరదు. అనుమానం పెనుభూతం అని మా ఆయన రోజుకొకసారైనా అంటాడు. ఆయన ఆ మాట ఎందుకంటున్నాడా అని నాకు ఇంకో అనుమానం. ఆ నంబరు మూడోసారి మోగాక ఎత్తి, ఉలుకూ పలుకూ లేకుండా చెవికి ఆనించుకున్నాను. అవతల నుంచి ఒక ఆడగొంతు, "ఏమే బీర్పూర్, బతికున్నవా?" అంది.

నన్ను బీర్పూర్ అని పిలిచేవాళ్లు ఈ లోకంలో ఒక్కచోటి వాళ్లే. మా ఆడపిల్లల హాస్టల్ బడిలో పేర్లు హాజరు పుస్తకం వరకే ఉండేవి. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరే పేరు. బుగ్గారం నుంచి ఇద్దరు వచ్చారు కాబట్టి ఒకతె పొడుగు బుగ్గారం, ఒకతె పొట్టి బుగ్గారం అయ్యారు. ఫోన్ చేసింది కోరుట్ల. ఆమె భర్త దుబాయి నుంచి ఇక తిరిగి వెళ్లనని వచ్చేశాడట, కొత్త ఇల్లు కట్టుకున్నారట, వచ్చే ఆదివారం పాత దోస్తులందరినీ భోజనానికి పిలుస్తోందట. అంతవరకు బాగానే ఉంది. చివర్లో, "సిరిసిల్ల గూడ అస్తున్నది. ముందుగాల నీ ముచ్చటనే అడిగింది" అంది. చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది.

నలభై ఏళ్లు దాటాక దోస్తులు ఉన్నట్టుండి గుర్తొచ్చారంటే దానికి ఒక కారణం ఉండి తీరాలి. కోరుట్ల సర్పంచికో కౌన్సిలరుకో నిలబడుతోందా? పొట్టి బుగ్గారం కోడలు సన్నబడే పొడి అమ్ముతుందని విన్నాను, ఆ పొడి డబ్బాలు మా ముందు పెడతారా? ఇవన్నీ పైపై అనుమానాలే. అసలుది సిరిసిల్ల. ఆమె నన్ను ఎందుకు అడిగింది? నా ముఖం మళ్లీ చూడాలని ఆమెకు ఉండే అవకాశమే లేదు. ఆమె ముఖం చూడాలని నాకూ లేదు. అయినా వెళ్లాను. అనుమానం ఉన్నచోటికి కాళ్లు తొందరగా నడుస్తాయి. జగిత్యాలలో బస్సెక్కి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకునేటప్పుడు కండక్టరమ్మ నా ఆధార్ కార్డును, నన్ను మార్చి మార్చి చూసింది. చూసుకోనీ అని ఊరుకున్నాను.

ఒకప్పుడు మాది కంచం పొత్తు, మంచం పొత్తు. సిరిసిల్ల వాళ్ల నాయన సాంచల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచలు అంటారు. ఆమె పెట్టెలో పుస్తకాల కన్నా దారపు ముక్కలు ఎక్కువ. మా లంగాలు చిరిగితే కుట్టేది, గుండీలు ఊడితే వేసేది. ఆదివారం పొద్దున అమ్మానాన్నలు వచ్చే వేళకు ముందు ఒకరి తల ఒకరం చూసుకోవడం మా పని. పిల్లలంతా గొలుసుకట్టుగా ఎండలో కూర్చునేవాళ్లం, ముందున్న తలలో వెనకున్న చేతులు. నా తల సిరిసిల్ల వంతు. నా జడ నడుము దాటేది, ఎండలో చూస్తే రాగిరంగు కొట్టేది. పురిట్లో నేను దక్కనని అందరూ అనుకున్నప్పుడు మా నాయనమ్మ వేములవాడ రాజన్నకు మొక్కుకుందట, బతికితే పెళ్లయ్యేదాకా నా తలకు కత్తెర తాకనివ్వనని, పెళ్లయ్యాకే తలనీలాలు ఇస్తానని. దేవుడు తన మాట నిలుపుకున్నాడు. నాయనమ్మ తన మాటకు నా తలను కాపలా పెట్టింది.

తొమ్మిదో తరగతి వానాకాలంలో నా తలంతా పేలు పడ్డాయి, గోకి గోకి పుండ్లయ్యాయి, సాయంత్రానికల్లా జ్వరం వచ్చేది. ఎవరికీ చెప్పొద్దని సిరిసిల్లకు చెప్పాను. చెప్పనంది. తర్వాతి సోమవారం ప్రార్థన అయిపోగానే వార్డెన్ నన్నొక్కదాన్నే మా పెట్టెలుండే గదిలోకి పిలిచింది. ఆయా చేతిలో కత్తెర ఉంది. జడ మొదలంటా తెగి బండల మీద పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఏడుస్తూ బయటికి పరుగెత్తి కిటికీలోంచి వెనక్కి చూస్తే, సిరిసిల్ల వంగి నా జడను తీసి, కాయితంలో చుట్టి, తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటోంది. వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు గేటు దాకా వచ్చేవాళ్లు ఆ రోజుల్లో. ఇంకేం కావాలి? చెప్పింది ఆమే, అమ్ముకునేదీ ఆమే అని తేల్చేశాను. ఆమెకు చాడీల సిరిసిల్ల అని పేరు పెట్టింది నేనే. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, ఆమెతో కంచం పంచుకోవద్దని చెప్పింది నేనే. పదో తరగతి పరీక్షలయ్యేదాకా ఆమె నల్లా దగ్గర ఒక్కతే కూర్చుని తిన్నది. ఒక్కసారి కూడా 'నేను కాదు' అనలేదు. అనకపోవడమే నాకు సాక్ష్యం.

ఇంటి దగ్గర పెద్ద గొడవే అవుతుందనుకున్నాను. నాయనమ్మ మూడు రోజులు వార్డెన్‌ను తిట్టి, నాలుగో రోజు తానే తీర్పు చెప్పింది. "సర్కారోళ్లు కోస్తే దేవునికి మన మీద కోపమెందుకుంటది? పాపం తాకితే గా మేడంకే తాకుతది" అంది. అమ్మ నా బోడితలకు వేపనూనె రాస్తూ కూర్చుంది.

కోరుట్ల ఇల్లు మూడంతస్తులు. తెల్లజుట్లు, మోకాళ్ల నొప్పులు, మనవళ్ల ఫొటోలు. పొట్టి బుగ్గారం ఇప్పుడు పొడుగు బుగ్గారం కన్నా లావు, కోడలి పొడి ఈమె వాడలేదని తేలిపోయింది. నేను తలుపుకు ఎదురుగా కూర్చుని, ఎవరు ఎవరితో గుసగుసలాడుతున్నారో చూస్తున్నాను. సిరిసిల్ల అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. కళ్లద్దాలకు తాడు, చూపుడువేలికి సూది గుచ్చుకున్న మచ్చలు. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు వెనకాల ఏముందా అని వెతికాను. భోజనాలు వడ్డించారు. అందరూ గుంపుగా సోఫాల మీద కూర్చుంటే, ఆమె పళ్లెం పట్టుకుని చేతులు కడుక్కునే నల్లా పక్కన కుర్చీ లాక్కుని ఒక్కతే కూర్చుంది. కోరుట్ల పిలిస్తే, "నాకు గిక్కడనే అలవాటు" అంది. ఎత్తిపొడుపేమో అని ఆమె ముఖం చూశాను. కాదు, నిజంగానే అలవాటు. నా పళ్లెం కింద పెట్టేశాను.

లేచి వెళ్లి పక్కన కూర్చున్నాను. నలభై ఏళ్లు దాచుకున్న ప్రశ్న ఒక్కసారే బయటపడింది. "నిజం జెప్పు. మేడంకు జెప్పింది నువ్వేనా?"

"అవునే, నేనే జెప్పిన."

ఒక్క క్షణం, దాచడమెందుకు, నాకు సంతోషమే వేసింది. నా అనుమానం గెలిచింది. ఆమె తాపీగా అన్నం కలుపుకుంటూ, "జెప్పుమన్నది మీ అమ్మ" అంది.

జడ తెగడానికి ముందు ఆదివారం అమ్మ నా తల చూసి బావి గోడ చాటుకు వెళ్లి ఏడ్చిందట. ఇంట్లో కత్తిరిస్తే నాయనమ్మ బతకనివ్వదు. మేడం ముందు నిలబడి మాట్లాడాలంటే కూలికి పోయే అమ్మకు ధైర్యం చాలలేదట. అందుకని సిరిసిల్లను పట్టుకుంది. "'నా పిల్ల సచ్చిపోయేటట్టున్నది బిడ్డా, నువ్వు మేడంకు జెప్పి కత్తిరియ్యమను, మా అత్తకు హాస్టలోళ్లే చేసిండ్రని జెప్పుకుంట' అన్నది" అని సిరిసిల్ల చెప్పింది. "నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకొని ఒట్టేయించుకున్నది. తను బతికున్నన్ని రోజులు నీకు జెప్పొద్దని. మీ అమ్మ పోయి ఆరేండ్లయిందని మొన్ననే కోరుట్ల జెప్పింది. ఇగ ఒట్టు దిగింది, అందుకే అచ్చిన."

"మరి జడ?"

"మల్ల ఆదివారం మీ అమ్మకే ఇచ్చిన. కొస ఊడకుంట నీలం దారంతోని కట్టి."

నేను నమ్మలేదు. చచ్చిపోయిన మనిషి మీదికి ఏదైనా తోసెయ్యవచ్చు, ఆమె లేచి వచ్చి కాదంటుందా? ఆ మాట పైకి అనలేదు కానీ నా ముఖం చూసి సిరిసిల్లకు అర్థమైంది. "ఇంటికి పోయి మీ అమ్మ సామాన్ల చూసుకోపోవే" అంది. కోపం లేదు. అదే నాకు మరీ అనుమానం.

ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండా, అమ్మ పోయాక నా దగ్గరే ఉంచుకున్న ఆమె పెట్టె తెరిచాను. చీరల అడుగున ఆమె సవరం ఉంది. అమ్మ జుట్టు పలచన, పెళ్లిళ్లకు పోయేటప్పుడు సవరం పెట్టుకునేది. వేములవాడ జాతరలో కొన్నానని చెప్పింది, నేను నమ్మేశాను. ఎన్ని పెళ్లిళ్లకు ఆ సవరాన్ని నా చేతులతోనే ఆమె జడలో కలిపి అల్లానో. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పట్టుకుంటే రాగిరంగు కొట్టింది. కొసన ఉన్న జడకుచ్చులు విప్పాను. లోపల నీలం దారం, మూడు చుట్లు, మా గుండీలకు సిరిసిల్ల వేసే ముడి.

ఫోన్ చేశాను. నేను హలో అనకముందే ఆమె, "చూసినవా?" అంది. చూశానన్నాను. నన్ను మాఫ్ చెయ్యమన్నాను. ఆమె, "రేపు సిరిసిల్లకు రా. ఒక్క కంచంల తిందాం" అంది.

పొద్దున్నే వెళ్లాలి. నలభై ఏళ్లు లోకమంతటినీ అనుమానిస్తూ తిరిగాను, ఒక్క అమ్మను తప్ప. ఆ ఒక్క అనుమానం నేను పడనందుకు సిరిసిల్ల ఇన్నేళ్లూ నల్లా దగ్గర ఒక్కతే కూర్చుంది.