పరాయివాడి చేతిలో తాడు

సర్జాపుర రోడ్డు పొడుగునా లేచిన అపార్టుమెంట్లలో ఎవరిని అడిగినా తమ ఇంటికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో చెబుతారు. ట్యాంకరు ఆలస్యమైతే ఎవరికి ఫోను చెయ్యాలో, ఎంత గట్టిగా అరవాలో కూడా చెబుతారు. వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయో మాత్రం ఎవరికీ పట్టదు. అవి నేల కింద, కార్లు నిలిపే చోటుకు వెనకాల, ఒక ఇనుప మూత అడుగుకు చేరతాయి. ఆ మూత తీసి, లోపలి మోటారుకు చుట్టుకున్న చెత్త లాగి, అడుగున పేరుకున్న బురద ఎత్తిపోయించే పని నర్సింహులుది.

అందులోకి మనిషిని దింపకూడదని చట్టం ఉంది. మూత పక్కన గోడ మీద ఆ మాటే రాసిన బోర్డు కూడా ఉంటుంది. బోర్డు పెట్టించినవాళ్ళే మోటారు ఆగిపోగానే నర్సింహులుకు ఫోను చేస్తారు. బోర్డుదేముంది, గోడ మీద దానిపాటికి అది ఉంటుంది. కంపు వరండాల దాకా వచ్చాక దాన్ని చదివేవాడెవడు?

నర్సింహులుది నారాయణపేట వైపు ఒక చిన్న ఊరు. వానలు మొహం చాటేసిన ఏడాది ఇద్దరు తమ్ముళ్ళను వెంటబెట్టుకుని బెంగుళూరు వచ్చాడు. మొదట పునాదులు తవ్వారు, తర్వాత పైపులు పూడ్చారు, చివరికి ఈ గుంతల పనికి వచ్చారు. ఎవరూ ముందుకు రాని పని కాబట్టి ఎప్పుడూ దొరికేది. వెనకాలే ఊరినుంచి బంధువులు వచ్చి చేరారు, అందరూ కలిసి ఒక ముఠా అయింది.

ఆ ముఠాలో ఒక పద్ధతి ఉండేది. గుంతలోకి ఒకడు దిగితే పైన నిలబడేవాడు వాడి సొంతవాడై ఉండాలి. అన్న దిగితే తమ్ముడు, మామ దిగితే అల్లుడు. ఊరుగాని ఊళ్ళో ప్రాణాన్ని ఇంకెవరి చేతుల్లో పెడతాం అని వాళ్ళ వాదన. వినడానికి ఎంత బాగుందో! ఆ బాగున్న మాటే కొంప ముంచింది.

చందాపుర దగ్గర బట్టలకు రంగులద్దే ఒక షెడ్డులో మురికి తొట్టి కడగడానికి ముగ్గురన్నదమ్ములూ వెళ్ళారు. నర్సింహులు టీ తేవడానికి బయటికి పోయాడు. తిరిగి వచ్చేసరికి తొట్టి అంచున రెండు జతల చెప్పులున్నాయి, మనుషులు లేరు. చిన్నవాడు కుర్మయ్య ముందు పడిపోయాడు. వాడు పడడం చూసి నడిపివాడు ఆశన్న వెనకా ముందూ చూడకుండా దిగాడు. లోపల గాలి చిన్నవాడికీ లేదు, నడిపివాడికీ లేదు. ఇద్దరూ తాగి వచ్చారని షెడ్డువాళ్ళు చెప్పారు. పొద్దున్నే టీ కోసం అల్లాడిన మనుషులు వాళ్ళు.

ఆశన్న భార్య వనజ ఆ రోజు గుండెలు బాదుకోలేదు. బావ ముందు నిలబడి ఒక్క మాట అంది.

"తమ్ముని కోసం దిగిండు బావా. నా కోసం ఆగలే."

ఆ తర్వాత ఆమె కంట నీరు ఎవరూ చూడలేదు. బావ ఇంటి వరసలోనే రెండు గదుల అవతల ఉంటూ, ఒక అపార్టుమెంటులో ఊడ్చి తుడిచే పనికి పోతూ, ఆ మాటను కడుపులో పెట్టుకుని బతికింది. నర్సింహులు మాత్రం దాన్ని ప్రతి ముద్దతోనూ మింగాడు. కుర్మయ్య ఒక్కడే పోయి ఉంటే అది దెబ్బ. ఆశన్న కూడా పోవడం ఏమిటి? పైన నిలబడ్డవాడు ఎందుకు పోవాలి? ఆలోచించి ఆలోచించి, పైన నిలబడ్డవాడు తమ్ముణ్ణి అంతగా ప్రేమించడం వల్లే పోయాడని అతనికి తోచింది.

కర్మకాండలు అయ్యాక ముఠాను కూర్చోబెట్టి కొత్త పద్ధతి చెప్పాడు. ఇకమీదట సొంతవాడు తాడు పట్టకూడదు. గాలి ఊదే మిషను లేకుండా, నడుముకు బెల్టు లేకుండా ఎవడూ దిగకూడదు. మిషను ఆగితే లోపలివాడు బయటికి రావాలి. ఎవడైనా సరే, నిన్న చేరినవాడైనా సరే, "పైకి" అని అరిస్తే ఎందుకని అడగకుండా రావాలి. ఊరికే అరిచాడని తర్వాత వాణ్ణి తిట్టకూడదు.

మిగతావన్నీ గొణుక్కుంటూ ఒప్పుకున్నారు. మొదటిది మాత్రం గొంతులో అడ్డం పడింది.

"అల్లుని మీద నాకు నమ్మకం లేదంటవా?" అని ఒక పెద్దాయన లేచాడు.

"నమ్మకం ఉంది కాబట్టే వద్దంటున్న మామా. నువ్వు పడితే వాడు దిగుతడు."

"దిగకపోతే వాడు అల్లుడెట్ల అయితడు?"

ఆయన అల్లుణ్ణి తీసుకుని వేరే ముఠాకు వెళ్ళిపోయాడు. ఇంకొందరు వాళ్ళ వెనకే పోయారు. గాలి మిషను పెట్టి కూర్చుంటే పని సాగదని కాంట్రాక్టర్లు మొహం తిప్పుకున్నారు. ఇంట్లో పొయ్యి వెలగని పూటలు వచ్చాయి. భార్య పుల్లమ్మ నోటికి దడిసి నర్సింహులు కొన్నాళ్ళు గుమ్మం బయటే పడుకున్నాడు. అయినా మాట మార్చలేదు.

తాడు పట్టడానికి సొన్నప్పను పెట్టుకున్నాడు. అత్తిబెలె వైపు మనిషి, ఇంతకుముందు బోరుబావుల లారీ మీద పనిచేశాడు, తాతల కాలంనుంచి ఇక్కడివాడు. ముఠాలో ఎవరికీ ఏమీ కాడు. వాళ్ళ ఇళ్ళకు రాడు, వాళ్ళ పెళ్ళిళ్ళకు పిలుపు లేదు. వక్క నములుతూ తాడు పట్టుకుని గుంతలోకి చూస్తూ నిలబడతాడు, అంతే. కుర్రవాళ్ళు అతనికి తాడుదొర అని పేరు పెట్టారు.

అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది నర్సింహులు కొడుకు హరి. "మా నాయినకు కడుపున పుట్టినోని కంటె సొన్నప్పే ఎక్కువ" అనేవాడు. సొన్నప్ప వినీ విననట్టు తాడు చుట్ట చుట్టేవాడు.

ఇట్లా కొన్నేళ్ళు గడిచాక ఒక ఆదివారం పొద్దున హేమంత్‌కుమార్ ఫోను చేశాడు. ఒక పెద్ద అపార్టుమెంటుకు ఆయన మేనేజరు. మనిషి మంచివాడే, తొందర మాత్రం ఎప్పుడూ నెత్తినెక్కి కూర్చుని ఉంటుంది.

"నర్సింహులూ, మోటారు జామ్ అయిపోయుండాది. బేస్‌మెంటంతా నీళ్ళు. గ్రూపులో నన్ను వాయించేస్తాండారు. బేగ రాప్పా."

రోజూ దిగే మనిషి ఊళ్ళో చావు ఉందని వెళ్ళాడు. నర్సింహులు రేపు వస్తానని చెప్పబోయాడు. ఈలోగా హరి చొక్కా తగిలించుకున్నాడు.

"నేను దిగుత."

"వద్దు."

"ఊరోళ్ళ పిల్లలు దిగొచ్చు, నీ కొడుకు దిగొద్దా? రేపు వాళ్ళ మొహం ఎట్ల చూస్తవు నాయినా?"

ఇన్నేళ్ళుగా నర్సింహులు ఎవరికీ చెప్పని భయం అదే. బెల్టు తీసి కొడుకు చేతికిచ్చాడు.

మూత తెరిచి గాలి మిషను పెట్టారు. గుంత మీద ఇనుప ముక్కాలి నిలబెట్టి, కప్పీ మీదుగా తాడు వేశారు. లోపలి గాలిని కొలిచే మిషను కావాలని నర్సింహులు అడగని కాంట్రాక్టరు లేడు. అందరూ వచ్చే నెల అన్నవాళ్ళే. కాబట్టి ముక్కునూ, అనుభవాన్నీ నమ్ముకుని చాలాసేపు గాలి ఊదించాడు. హేమంత్‌కుమార్ గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. కొడుకు నడుముకు ముడి తానే వేసి, లాగి చూసి, తాడును సొన్నప్ప చేతిలో పెట్టి, తన పద్ధతి ప్రకారం తాను స్తంభం అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. హరి అంచున విడిచిన చెప్పుల మీద అతని చూపు పడింది. చూడలేక వెళ్ళి, వాటిని తీసి గోడ వారన పెట్టాడు.

హరి దిగాడు. మోటారుకు చుట్టుకున్న చెత్త వస్తోందని కిందినుంచి కేకేశాడు. అప్పుడే కరెంటు పోయింది.

జనరేటరు మోగింది. లిఫ్టులు కదిలాయి, కార్ల మీద దీపాలు వెలిగాయి, ఎక్కడో ఎవరి ఇంట్లోనో టీవీ మళ్ళీ పాడింది. గాలి మిషను మాత్రం కదల్లేదు. ఏ ఏ చోట్లకు జనరేటరు కరెంటు కావాలో లెక్కవేసిన మహానుభావులకు ఈ మూల ప్లగ్గు గుర్తుకు రాలేదు.

"పైకి!" అని సొన్నప్ప అరిచాడు.

ఆ కేక నర్సింహులు విన్నాడు. కొడుకు వచ్చేస్తాడనుకున్నాడు. ఇంకో ప్లగ్గు చూపిస్తానని హేమంత్‌కుమార్ చెయ్యి పట్టి లాగితే వైరు తీసుకుని అతని వెంట పోయాడు. లోపల హరి, "ఒక్క పేలిక ఉందన్నా, అయిపాయె" అని వంగాడు. వంగినవాడు లేవలేదు.

సొన్నప్ప పెట్టిన రెండో కేక వేరుగా ఉంది. నర్సింహులు వైరు పారేసి పరుగెత్తాడు. గుంతలోకి చూస్తే కింద బురదలో కొడుకు వీపు కనిపించింది. పెట్టిన పద్ధతులు, ముఠాతో పడిన గొడవలు, ఊరు విడిచినప్పటినుంచి నేర్చుకున్నదంతా ఆ క్షణంలో తుడిచిపెట్టుకుపోయింది. చెప్పులు విదిలించేశాడు. అంచున కూర్చుని నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టాడు.

సొన్నప్ప తాడును నడుముకు చుట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి, వెనక్కి వాలి ఉన్నాడు. చేతులు ఖాళీ లేవు. ఉన్నది నోరొక్కటే.

"కాలు తియ్ నర్సింహులూ. నువ్వు దిగినావంటే నేను తాడు ఇడిసేస్తా."

"నా కొడుకురా!"

"కొడుకే అప్పా, కాదంటానా? నువ్వూ పడినావంటే ఇద్దుర్ని లాగే శక్తి నాకి లేదు. మారెమ్మ మీద ఆన, ఇడిసేస్తా."

నర్సింహులు అతని మొహంలోకి చూశాడు. అందులో జాలి కోసం వెతికాడు, దొరకలేదు. ఈ మనిషి అన్నంత పనీ చేస్తాడనిపించింది. అతనికేం, అతని కొడుకు కాదు, అతని తమ్ముడు కాదు. లోకంలో ఎవరినీ అసహ్యించుకోనంతగా నర్సింహులు అప్పుడు సొన్నప్పను అసహ్యించుకున్నాడు.

"సంపుత నిన్ను" అన్నాడు. అంటూనే కాలు పైకి తీశాడు.

"తర్వాత సంపుదువులే. ఇట్లా వచ్చి తాడు పట్టు."

పట్టాడు. సొన్నప్ప వెనక నిలబడి, అతను లాగమన్నప్పుడు లాగి, నిలపమన్నప్పుడు నిలిపాడు. హేమంత్‌కుమార్ కూడా వచ్చి తాడు అందుకున్నాడు. హరి అంగుళం అంగుళంగా పైకి వచ్చాడు. మొహం నల్లబడి ఉంది, నోట్లో బురద ఉంది. ఊపిరి ఉందో లేదో ఎవరికీ తెలియలేదు.

ఆసుపత్రిలో హరి నోట్లోకి గొట్టం వేశారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, ఏమీ చెప్పలేమన్నారు డాక్టరు. పుల్లమ్మ ఆ గది తలుపుకు తల ఆనించి నిలబడింది. "తమ్ముళ్ళను మింగితివి, ఇప్పుడు నా బిడ్డనా?" అని మొగుణ్ణి ఒకసారి అడిగింది, మళ్ళీ అటు తిరిగింది. నర్సింహులు నేల మీద కూలబడి, ఎండిన బురద చేతులతోనే దేవుళ్ళందరికీ మొక్కాడు. అతని బతుకులో ఇంతకంటే నిస్సహాయమైన పూట లేదు, ఆ తొట్టి దగ్గర కూడా లేదు. అక్కడ అంతా అయిపోయాక వచ్చాడు. ఇక్కడ అయ్యేదాకా కూర్చోవాలి.

మర్నాడు సాయంత్రం నర్సు బయటికి వచ్చి, గొట్టం తీసేశామనీ, తనే ఊపిరి తీసుకుంటున్నాడనీ, నీళ్ళు అడుగుతున్నాడనీ చెప్పింది. పుల్లమ్మ అక్కడే చతికిలబడి పైకే ఏడ్చింది.

అప్పటికి వనజ వచ్చి ఉంది, పనినుంచి అట్లాగే, ఊడ్చేవాళ్ళ నీలం కోటుతో. హరి సంగతి విని తల ఊపింది. తర్వాత నర్సింహులు ఎదురుగా వచ్చి నిలబడింది.

"బావా, కొడుకు కింద పడి ఉంటే నువ్వు ఎట్ల ఆగినవు?"

ఆమె అడుగుతున్నది హరి సంగతి కాదని నర్సింహులుకు తెలుసు. బావ ఆగగలిగితే నా మొగుడూ ఆగగలిగి ఉండాలి. ఆగలేదంటే నేను ఆయనకు ఏమీ కాననే కదా? ఇన్నేళ్ళుగా ఆమెను తింటున్నది అదే. పద్ధతి ఉంది కాబట్టి ఆగానని చెబితే తన పరువు నిలిచేది. ముఠా ముందు పెద్దమనిషి అయ్యేవాడు.

"నేను ఆగలే వనజా" అన్నాడు. "కాలు లోపట పెట్టిన. పుల్లమ్మ యాదికి రాలే, నువ్వు రాలే, ఎవ్వరు రాలే. నేను పెట్టిన పద్ధతే నాకు యాదికి రాలే. సొన్నప్ప ఆపిండు. దిగితే తాడు ఇడుస్తనన్నడు."

వనజ వరండా చివరి బెంచీ దగ్గరికి నడిచింది. అక్కడ సొన్నప్ప ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తాడు ఒరుసుకుని తోలు ఊడిన అరచేతులకు గుడ్డ కట్టారు. ఆమె ఆ చేతులవైపే చూసింది.

"అన్నా, ఆ దినం నువ్వు యాడుంటివి?" అంది.

అని, ఆశన్న పోయిన తర్వాత మొదటిసారిగా, గొంతు విప్పి ఏడ్చింది. సొన్నప్ప కట్టు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆమె కూర్చోవడానికి బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాడు.