నీళ్లవ్వ చెప్పిన సాక్ష్యం

మా బడి నీళ్లవ్వ పోయిందని మొన్న పొద్దున పుంగనూరు నుంచి అన్న ఫోన్ చేశాడు. కుప్పంలో క్లాసుకు బయల్దేరినదాన్ని స్టాఫ్‌రూమ్‌లోనే సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను.

పిల్లలకు నీళ్లు పోయడం ఆమె పని. చెంబెత్తి దోసిట్లోకి పోస్తూ, "నిదానంగా తాగప్పా, నీళ్లు యాడికీ పోవు" అనేది. ఏడ్చిన పిల్లలుంటే ముందు ముఖం కడిగేది, తర్వాతే నీళ్లు.

తొంభైల మాట. నేను ఏడో తరగతి. ఎక్కం తప్పు చెప్పాడని లెక్కల సారు ఒక పిల్లవాణ్ణి చెంపల మీద కొట్టాడు. వాడు కిందపడ్డాక కూడా కొట్టాడు. నెత్తురు చూసి మేం బిగుసుకుపోయాం. కిటికీలోంచి చూసిన అవ్వ పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఒళ్లోకి లాక్కుంది.

మరునాడు హెడ్మాస్టరు అడిగితే క్లాసంతా ఒకటే మాట: "మెట్ల మీద పడినాడు సార్." లెక్కల సారు నేర్పిన మాట. అందరికంటే ముందు లేచి చెప్పింది క్లాసు లీడరు. అంటే నేనే. అవ్వ ఒక్కతే, "కొట్టినాడు సామీ, ఈ కండ్లతో సూసినాను" అంది. అంతమంది పిల్లల ముందు ఆమె నిజం చెల్లలేదు. వారం తిరక్కుండా అవ్వను పనిలోంచి తీసేశారు. దెబ్బలు తిన్నవాడు మళ్లీ బడికి రాలేదు.

ఇప్పటికీ ఎవరైనా డస్టరు బల్లకేసి కొడితే నా ఒళ్లు జలదరిస్తుంది. నా క్లాసులో బెత్తం ఉండదు. పిల్లలు దాన్ని దయ అనుకుంటారు. దయా నా మొహమా, భయం!

ఉద్యోగం వచ్చాక పెద్దపంజాణి దగ్గర అవ్వ ఊరికి వెళ్లి, కాళ్లు పట్టుకుని ఏడ్చాను. "బెదిరిన బిడ్డలు ఏం సేస్తారమ్మా? నాకేం కోపం లేదు. సెప్పాల్సింది నాకు కాదు తల్లీ, వానికి. మదనపల్లెలో మెకానిక్కుగా ఉండాడు, పో" అంది.

రెండుసార్లు మదనపల్లె బస్సెక్కాను. రెండుసార్లూ దారిలో పుంగనూరులోనే దిగిపోయాను. కనబడినప్పుడల్లా అవ్వ "పోయినావా?" అనేది. లేదని చెబితే చెంబుతో నీళ్లిచ్చేది. ఇక అడిగేవాళ్లు లేరు. అదే నా ఏడుపు.

మొన్న సాయంత్రం అవ్వ ఊళ్లో ఆమెను మట్టి చేసి అందరూ తిరిగొచ్చారు. పాడె మోసినవాళ్లలో ఆ మదనపల్లె మెకానిక్కూ ఉన్నాడని ఎవరో చూపించారు.

"నువ్వు మా లీడరు గదమ్మా, బాగుండావా?" అన్నాడు.

"నీకో మాట చెప్పాలి" అన్నాను.

దగ్గరికొచ్చి తల పక్కకు తిప్పాడు. "ఆ సెవి అప్పట్నుంచీ పని సేయదు. ఈ పక్క సెప్పు" అని, రెండో చెవి నా వైపు వంచి నిలబడ్డాడు.