నరసమ్మగారి కుడివైపు పతకం

రెండువేల సంవత్సరం. సింగపూర్ లిటిల్ ఇండియాలోని మా టైలరింగ్ షాపులో ఊపిరి సలపని రోజులవి. కొత్తగా దిగిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల భార్యలందరికీ జాకెట్లు రేపటికే కావాలి. ఆ హడావిడిలో జురాంగ్ వెస్ట్ నుంచి నరసమ్మగారు వచ్చారు. చేతిలో పట్టుచీర, కొంగున ముడేసిన పతకం.

ఆవిడ పుట్టింది ఇక్కడే. తండ్రిది శ్రీకాకుళం వైపు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళ సైన్యంలో సిపాయిగా బర్మాలో పోరాడాడు. తూటాల మధ్య నుంచి గాయపడ్డ తోటివాణ్ణి భుజాన మోసుకొచ్చినందుకు ఇచ్చిన పతకం అది. యుద్ధం అయ్యాక ఇక్కడికొచ్చి ఓడరేవులో కూలీగా బతికాడు, కూలీగానే పోయాడు. ఇప్పుడు సైనికుల స్మారక సభకి కూతురిగా ఈవిడకు పిలుపొచ్చింది.

"నలుగురిలో మా నాయన పేరు ఒక్కసారైనా వినపడాలమ్మా," అంటూ ఆ పతకం పెట్టుకునేందుకు వీలుగా పట్టు జాకెట్టు కుట్టమన్నారు.

పట్టు మీద బరువు వేలాడితే గుడ్డ చిరుగుతుంది. అందుకని లోపల బ్యాకింగ్, అంటే దళసరి గుడ్డ ముక్క, వేస్తాం. ఆవిడ పతకం ఎడమవైపే కావాలన్నారు. అటు పైట అడ్డం. పైటకీ జాకెట్టుకీ కలిపి పిన్ను పడేలా నానా తంటాలు పడి కుట్టాను.

ఫిట్టింగ్‌కి వాళ్ళమ్మాయి సుధ కూడా వచ్చింది. ఐటీ ఉద్యోగం, మాట చివర ఇక్కడివాళ్ళు తగిలించే 'లా'. పతకం ఎటు పెట్టుకోవాలో ఇంటర్నెట్‌లో చూసిందట.

"రైట్ సైడ్ పెట్టాలి లా, అమ్మా. లెఫ్ట్ అంటే యుద్ధం చేసినవాళ్ళకే. ఫ్యామిలీ అయితే రైట్."

నరసమ్మగారికి కోపమొచ్చింది. తండ్రి ఎడమవైపే పెట్టుకునేవాడని, మారిస్తే ఆయన్ని తక్కువ చేసినట్టేనని పట్టుపట్టారు. అటు పెట్టుకుంటే యుద్ధం నువ్వే చేశావనుకుంటారని సుధ ఓపిగ్గా చెప్పింది. ఆవిడ అద్దంలో పతకాన్ని చూసుకుని, తనే పిన్ను తీశారు.

"అయితే ఎడంపక్క నాయనదే. నాకొద్దు. కుట్టు విప్పెయ్యమ్మా."

విప్పి, ఆ దళసరి గుడ్డ కుడివైపు వేశాను. అటు పైట అడ్డం లేదు, పతకం జాకెట్టు మీద నిండుగా నిలిచింది. నేను పడ్డ తంటాలకి నాకే నవ్వొచ్చింది.

సభ మర్నాడు ఆవిడ లడ్డూలతో వచ్చారు. చక్రాల కుర్చీలో ఉన్న ఒక ముసలి సిపాయి, కుడివైపు పతకం చూడగానే సంగతి గ్రహించి, మనవడి భుజం పట్టుకుని లేచి సెల్యూట్ చేశాడట. ఎవరిదని అడిగాడట.

"నాయన పేరు ఇంటిపేరుతో సహా చెప్పానమ్మా. ఆయన పక్కవాళ్ళకి చెప్పాడు. నోరు తిరక్కపోయినా అందరూ పలికారు."

జాకెట్టంటే ఒంటికి అతికినట్టు కుట్టడమే అనుకునేదాన్ని. ఎవరి చోటు ఎవరికి వదలాలో కూడా చూడాలని ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఎన్ని వేల జాకెట్లు కుట్టినా, నా చేతి పని చూపించమంటే నేను చెప్పేది ఆ ఒక్కదాని గురించే.