అలివేలమ్మ రాసిన నలభై ఒకటి

హనుమంతునిపాడు దగ్గర ఒక విత్తనాల కంపెనీ పొలంలో వాన కొలిచే గొట్టం ఉంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు దాన్ని చూసి పుస్తకంలో రాయడం పద్దెనిమిదేళ్లుగా అలివేలమ్మ పని. ఏడాదిలో ఎక్కువ రోజులు రాయాల్సింది సున్నానే. అయినా ఒక్క రోజూ మానలేదు. కూతురి పెళ్లినాడు పట్టుచీరతోనే వచ్చి, సున్నా రాసి, తలంబ్రాల వేళకు వెళ్లిపోయింది.

ఆరేళ్ల కిందట జనవరిలో ఒక ఉదయం గొట్టంలో నలభై ఒక్క మిల్లీమీటర్లు కనిపించాయి. సూపర్‌వైజరు సాగర్ ఒప్పుకోలేదు.

"పక్కన పామూరులోనే చినుకు లేదంట. ఇక్కడెట్ల పడుతుందక్కా? సున్నా రాయి."

"నీళ్లుండాయి కదా నాయనా."

ఆమె నలభై ఒకటే రాసింది. సాగర్ కంప్యూటర్లో సున్నా కొట్టి పట్నానికి పంపించాడు.

మొన్న డిసెంబరులో ప్రియదర్శిని వచ్చింది. గిద్దలూరు అమ్మాయి, పరిశోధన చేస్తోంది. ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీది మంచు తగ్గిన ఏళ్లలో ఇంత దూరాన చలికాలపు వానలు ఏమైనా మారాయా అన్నది తాను చూస్తున్న విషయమని చెప్పింది. పాత పుస్తకాలన్నీ తిరగేస్తూ ఒకచోట ఆగింది.

"కంప్యూటర్లో సున్నా ఉంది, ఇక్కడ నలభై ఒకటి. పొరపాటు పడినావా పెద్దమ్మా?"

"ఏమో తల్లీ. ఆరబోసిన కందులు మాత్రం మొలకలొచ్చినాయి. నెల రోజులు మా ఇంట్లో అదే కూర."

ప్రియదర్శిని పక్కనే ఉన్న సాగర్ వైపు చూసింది. సాగర్ గొట్టం వైపు చూశాడు. "ఆ పొద్దు నా బండి బురదలో దిగబడింది మేడం. నలుగురు పట్టి లాగినారు," అన్నాడు.

ప్రియదర్శిని తన లెక్కలో సున్నా తీసేసి నలభై ఒకటి వేసుకుంది.

"అయితే ఆ మంచు వల్లనే మా కందులు తడిసినాయా?" అని అడిగింది అలివేలమ్మ.

"ఒక్క వానను చూసి చెప్పలేం పెద్దమ్మా. సంబంధం ఉందని కొందరు, లేదని కొందరు. ఇంకా తేలలేదు."

"మరి ఆ మంచును పొద్దున్నే పోయి చూసేదెవరు?"

"ఎవరూ పోరు. ఉపగ్రహాలు పైనుంచి చూస్తాయి."

"మబ్బు పడితే?"

"మబ్బులోంచీ చూస్తాయి."

పద్దెనిమిదేళ్లలో అలివేలమ్మ పుస్తకాలను మొదటి పేజీ నుంచి చదివిన మనిషి ఈ పిల్ల ఒక్కతే. ఆ సంగతి పైకి అనడం ఆమెకు చేతకాలేదు.

"బస్సు రెండింటికి గాని రాదు. ఇంటికొచ్చి అన్నం తిని పో," అంది.