ముప్పై ఒకటో నిమిషం తర్వాత

మొన్న నవంబరు పద్నాలుగో తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు, దోహాలోని అల్ సద్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో, మనవరాలు టీవీలో ఏదో వెతుకుతూ ఒక పాత ఇంగ్లీషు సినిమా దగ్గర ఆగింది. బూడిదరంగు సముద్రం, తడిసిన పచ్చిక, నల్ల శాలువా కప్పుకుని కొండ అంచున నిలబడ్డ ఒక అమ్మాయి. పేరు పడకముందే నాకు తెలిసిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగాను. బాగుంది అమ్మమ్మా, వచ్చి కూర్చో అని అది రెండుసార్లు పిలిచింది. ముప్పై రెండేళ్ళుగా ఆ సినిమా జోలికి నేనెందుకు పోలేదో దానికి చెప్పడం కష్టం. మీకు చెప్పవచ్చు, ఎందుకంటే వీసీఆర్ ఉన్న ఇంటికి శుక్రవారం పూట నాలుగు గదులవాళ్ళూ వచ్చి చాపల మీద కూర్చున్న కాలం మీరూ చూసే ఉంటారు.

అప్పుడు మేము దోహాలోనే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాను నాలుగు కుటుంబాలం పంచుకుని ఉండేవాళ్ళం. నేను ఒక క్లినిక్‌లో రోగుల ఫైళ్ళు చూసే ఉద్యోగం చేసేదాన్ని. ఏ కాగితం మీదైనా తేదీ, వేళ లేకపోతే నాకు తోచేది కాదు, ఆ గుణం ఇంటికి కూడా వచ్చేసింది. క్యాసెట్లన్నిటికీ నేనే చీటీలు అంటించి, ఏది ఎన్ని నిమిషాలు, చివర ఎంత ఖాళీ ఉందో రాసిపెట్టేదాన్ని, ఆ ఖాళీల్లో చిన్న చిన్న కార్యక్రమాలు నింపేదాన్ని. మా ఆయన నవ్వేవారు. నా తూర్పు గోదావరి చుట్టాలూ నవ్వేవారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా పక్క గదిలో ఉండే నిజామాబాద్ చెల్లి. దేవుని తాన పోయినా ముందుగాల టైమ్ రాసుకుంటవ్ అక్కా, అనేది.

ఆమె ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణంలో పనిచేసేది. ఇక్కడికి వచ్చేనాటికే భర్త పోయి ఏడాది దాటింది. ఆయన కూడా ఇక్కడే డ్రైవరు, 1990లో ఉత్తరాన ఉన్న మదీనత్ అల్ షమాల్ నుంచి దోహాకు వచ్చే దారిలో బండి బోల్తాపడి చనిపోయారు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఇద్దరూ ఒకచోట ఉన్నది మొత్తం తొమ్మిది నెలలు. మిగతా కాపురమంతా ఉత్తరాలలోనే. చివరి ఉత్తరంలో ఈమె కోపంగా ఒకటే అడిగిందట: నువ్వు వాపస్ వస్తవా, లేక నన్నే రమ్మంటవా, ఏదో ఒకటి తేల్చు అని. కాగితం మీద రాయలేను, వీడియో క్యాసెట్‌లో చెప్తానని ఆయన జవాబు. ఆ తర్వాత పదకొండు రోజులకు ప్రమాదం. ఈ ఉత్తరాల సంగతి ఆమె వెళ్ళిపోయే ముందుగానీ నాకు తెలియలేదు. ప్రమాదానికి ముందు ఆయన్ని వీడియో తీసిన తోటి డ్రైవరు దాన్ని పెద్ద క్యాసెట్‌లోకి ఎక్కించి దాచి, ఈమె దోహాలో దిగాక చేతికిచ్చాడు. ఈమె గదిలో వీసీఆర్ లేదు, అందుకని ఆ క్యాసెట్ మా అలమారలోనే ఉండేది.

ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం మేము ప్రార్థన కూటం నుంచి తిరిగొచ్చి, ఆమె నమాజు ముగించుకుని వచ్చాక, నేను ఆ క్యాసెట్ పెట్టేదాన్ని. ఉత్తరాన సముద్రం ఒడ్డున డ్రైవర్లంతా సెలవు రోజు గడిపిన దృశ్యం అది. రాళ్ళ పొయ్యి, పెద్ద డేగ్చా, ఆమె భర్త ఉల్లిపాయలు కోస్తూ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కెమెరా వైపు చూసి నవ్వడం, ఎవరో శ్రుతి లేకుండా పాడుతుంటే పక్కవాడు తడిగుడ్డ విసరడం. అందరూ నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకోవడానికి లేవగానే తెర ఒక్క క్షణం నల్లబడేది. సరిగ్గా అక్కడ ఆమె చెయ్యెత్తి, బస్ అక్కా, ఇయ్యాలటికి చాలు, అనేది. నేను గడియారం చూసి ఆపేదాన్ని. ప్రతిసారీ ముప్పై ఒక్క నిమిషాలు. అక్కడితో అయిపోయిందనుకోవడానికి నాకు అది చాలు. చీటీ మీద నా చేత్తో రాశాను: మొదటి ముప్పై ఒక్క నిమిషాలు చెల్లి ఇంటివారు, తర్వాత ఖాళీ.

1993 అక్టోబరు ఎనిమిదో తేదీ శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు టీవీలో ఆ సినిమా వేశారు. యుద్ధకాలంలో ఐర్లండులోని ఒక పల్లె, ఒక నేతగాడి కూతురు, ఊరివాళ్ళకు నచ్చని ఒక సైనికుడితో ఆమె ప్రేమ, అతను యుద్ధానికి పోయాక ఊరు ఊరంతా ఆమెతో మాటలు మానేయడం. అంత పెద్ద సముద్రాన్ని, అంత ఒంటరి మనిషిని నేను తెర మీద అంతకుముందు చూడలేదు. దాన్ని రికార్డు చేస్తున్న మూడు గంటల క్యాసెట్ ఐదున్నరకు నిండిపోయింది, కథ ఇంకా మిగిలింది. ఆ రోజు చెల్లి దుకాణంలో ఉంది, పండుగ బట్టలో పెళ్ళి బట్టలో ఏవో కుట్టాలని పిలిపించుకున్నారు. ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. నేను అలమార తెరిచి, చెల్లి క్యాసెట్ మీది నా చీటీ నేనే చదువుకుని, ముప్పై ఒక్క నిమిషాలు దాటించి, రికార్డు మీట నొక్కాను. సినిమా చివరి పదిహేడు నిమిషాలు పట్టుకున్నందుకు ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత పదమూడు శుక్రవారాలు మేమిద్దరం ఆ క్యాసెట్ చూశాం. పదమూడు సార్లూ ఆమె నల్ల తెర దగ్గర చెయ్యెత్తింది, నేను ఆపాను. సినిమా సంగతి చెప్పాలని నాకు తోచనే లేదు, ఎందుకంటే అది ఆమెకు సంబంధించిన విషయమని నేననుకోలేదు.

1994 జనవరి పద్నాలుగు, శుక్రవారం. ఆమె కాంట్రాక్టు అయిపోయింది, ఇరవయ్యో తేదీన విమానం. ఆ రోజు ఆమె తలస్నానం చేసి, ఇస్త్రీ చేసిన దుపట్టా కప్పుకుని వచ్చింది. నేను మామూలుగా ముప్పై ఒకటో నిమిషంలో ఆపబోతే నా చెయ్యి పట్టుకుంది. ఆపకు అంది. ఆ తర్వాత ఉన్నదంతా ఆయన తనతో ఒంటరిగా మాట్లాడింది అని, క్యాసెట్ ఇచ్చినప్పుడే ఆ డ్రైవరు చెప్పాడని, దాన్ని రెండేళ్ళకు పైగా దాచుకున్నానని, అప్పుడు చెప్పింది.

"నేను ఇంక వినని మాట అదొక్కటే ఉన్నదక్కా. విన్ననంటే ఆయన తాన నాకోసం ఇంకేం ఉండదు. అందుకే ఆపిచ్చిన."

నేను సినిమా సంగతి చెప్పబోయాను. నోరు తెరిచేలోపే తెర మీద బూడిదరంగు సముద్రం వచ్చేసింది. ఆమె కొంచెం ముందుకు వంగి చూసింది. ఇది ఆయనోళ్ళు పోయిన దర్యా కాదు కదా, అంది. నేను చెప్పాను. అంతా చెప్పాను, తేదీతో సహా. ఆమె చీటీ తీసుకుని చదివింది, నాకేసి చూడలేదు. గబగబా ముందుకు తిప్పుదామని నేను మీట మీద చెయ్యి వేశాను.

"తిప్పకు. మధ్యల ఎక్కడన్న ఉంటడేమో."

అలా ఆ పదిహేడు నిమిషాలూ మేమిద్దరం చూశాం. యుద్ధం ముగిసి, గాయపడిన మనుషుల్ని మోసుకుని పడవలు వస్తున్నాయి, శాలువా కప్పుకున్న అమ్మాయి ఒక్కొక్క మొహంలోకీ తొంగి చూస్తోంది. ఈ చెల్లి కూడా తెరకు జానెడు దూరంలో కూర్చుని ఆ మొహాలన్నిటిలోకీ అలాగే చూసింది. చివరి పడవలోనూ అతను లేడు. వాన మొదలయింది, ఆ అమ్మాయి కొండెక్కి వెళ్ళిపోయింది, పేర్లు పడ్డాయి. పేర్లు మధ్యలో తెగి, ఒక్కసారిగా ఎండ. ఆయన. బండరాయి మీద నుంచి లేచి, గాలికి జుట్టు ఎగురుతుండగా కెమెరాలోకి సూటిగా చూసి, "సరేనా?" అని అడిగి, నవ్వి, దాన్ని ఆపడానికి చెయ్యి చాచి దగ్గరికి వచ్చారు. అంతే. లెక్కపెట్టాను, ఆరు సెకన్లు.

దేనికి సరేనా? ఆమె ఏడవలేదు. ఆ ఆరు సెకన్లనూ నలభై సార్లకు పైగా వేయించింది, చివరికి టేపు నలుగుతుందని నేనే బతిమాలి ఆపాను.

మర్నాడు క్లినిక్‌కు సెలవు పెట్టి, టాక్సీలో ఇద్దరం మదీనత్ అల్ షమాల్ వెళ్ళాం. వీడియో తీసినతనిది అక్కడి డ్రైవర్ల క్యాంప్, ఆమెకు తెలిసిన ఆఖరి చిరునామా అదే. క్యాంప్‌లో ఉన్నవాళ్ళు మంచివాళ్ళు, కుర్చీలేసి టీ ఇచ్చారు. అతను మస్కట్ వెళ్ళి ఎనిమిది నెలలయిందని చెప్పి, ఎవరెవరినో అడిగి ఒక ఫోన్ నంబరు రాసిచ్చారు. సోమవారం ఫోన్లో దొరికాడు. కెమెరాలోని అసలు టేపు మీద తన తమ్ముడి పెళ్ళి తీసేశాడట. పోనీ, ఆయన ఏం మాట్లాడారో గుర్తుందా అని అడిగాను. భార్యతో మాట్లాడుకుంటానంటే కెమెరాను రాయి మీద పెట్టి అందరం దూరంగా వెళ్ళిపోయాం, ఎవరం వినలేదమ్మా, అన్నాడు. అతనిది మర్యాద. ఆ మర్యాదకు నేను ఆ రోజు ఎంత మండిపడ్డానో.

శనివారం షమాల్ నుంచి తిరిగివస్తున్నప్పుడు, ఆయన బండి పడిన దారి అదే, ఆమె కిటికీలోంచి చూస్తూ, ఆ పిక్చర్ మొదటికెల్లి చెప్పు అక్కా, అంది. ఇంక చేసేదేమీ లేక నేను చెప్పాను. నేతగాడి మగ్గం దగ్గర నుంచి మొదలుపెట్టి, ఊరివాళ్ళు మాటలు మానేసిన దగ్గరికి వచ్చి ఆపేశాను. ఆమె మిగతాది అడగలేదు.

ఇరవయ్యో తేదీ పొద్దున సామాను గుమ్మంలో పెట్టాక క్యాసెట్ నా చేతిలో నుంచి తీసుకుంది. దానికి నేను అప్పటికే కొత్త చీటీ రాసి అంటించాను. దాన్ని చూసి, కోపం ఏమీ లేకుండా, బట్ట కొలత తప్పిందని చెప్పినంత మామూలుగా అంది:

"అన్నీ రాసుకుంటవ్ గదక్కా. ఒక్కమాట నన్నడిగి రాస్తే అయిపోతుండె."

నేను ఆమె ఊరి చిరునామాకు పదకొండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకుందో, ఎక్కడుందో, ఆయన అడిగిన ఆ ‘సరేనా’కు ఏ అర్థం తీసుకుని బతికిందో నాకు తెలియదు. ఇప్పుడు మా మనవరాలి ఫోనులో నాలుగు వేల వీడియోలు ఉన్నాయి. చోటు చాలడం లేదని ప్రతి నెలా కొన్ని తీసేస్తుంది, తీసేసే ముందు ఎవరినీ అడగదు, అడగాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఆ మనుషులంతా సాయంత్రానికి మళ్ళీ ఫోనులో కనబడతారు. ఒక గొంతును ఒకే ఒక్క చోట దాచుకోవడం, దాన్ని వినకుండా రెండేళ్ళు ఆగడం అనేవి దానికి అర్థం కావు. కాకపోవడమే మంచిదేమో.

పోయినవి రాసిపెడుతున్నాను. భర్త భార్యతో మాట్లాడిన పదిహేడు నిమిషాలు. ఆమె అడిగినదానికి ఆయన ఇచ్చిన జవాబు. రెండేళ్ళ నాలుగు నెలల స్నేహం. మిగిలినవి ఆరు సెకన్లు, అవి నా దగ్గర లేవు.